ఏ మందుకైనా మొదటి ప్రశ్న: దేనితో పోల్చారు?

(పరవాడలో రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "లోహ సమన్వయ సమ్మేళనాలు, వాటి శిలీంద్ర నాశక పరీక్షలు". పేరు వింటే కాలేజీ పాఠంలా ఉంది గానీ, సరుకు మాత్రం మన పాకలో ఉన్నదే. మైలతుత్తం, మాంకోజెబ్, చీలేటెడ్ జింక్, ఈ మూడూ ఆ కోవకు చెందినవే. ఇలాంటి కొత్త సమ్మేళనాలను మన తెలుగు విశ్వవిద్యాలయాల రసాయన శాస్త్ర విభాగాల్లో ఏళ్ల తరబడి తయారుచేస్తున్నారు, బూజుల మీద పరీక్షిస్తున్నారు. మంచి పనే. కాని ప్రయోగశాలలో ఒక గాజు పళ్లెంలో బూజు ఆగిపోయిందన్న మాటకూ, మన పొలంలో తెగులు తగ్గుతుందన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని దాచిపెట్టి డబ్బా అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ దూరం ఎంతో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. ఈ రోజు మాట్లాడేది దాని గురించే.

లోహానికి పీత డెక్కలు

ముందు ఈ సమ్మేళనం అంటే ఏమిటో చూద్దాం. మైలతుత్తం నీలంగా ఉంటుంది కదా. దాన్ని పెనం మీద వేడిచేస్తే తెల్లటి పొడి అవుతుంది. చల్లారాక ఒక నీటి చుక్క వేస్తే మళ్లీ నీలం వస్తుంది. ఆ రంగు ఒక్క రాగిది కాదు, రాగిని చుట్టూ పట్టుకున్న నీటి అణువులతో కలిసి వచ్చిన రంగు. ఇలా మధ్యలో ఒక లోహం, దాని చుట్టూ తమ ఎలక్ట్రాన్ల జతను ఇచ్చి పట్టుకున్న అణువులు ఉంటే దాన్ని సమన్వయ సమ్మేళనం అంటారు. పట్టుకునే అణువును లైగాండ్ అంటారు.

కొన్ని లైగాండ్లు ఒక్క చేత్తో కాదు, రెండు మూడు చేతులతో పట్టుకుంటాయి. ముత్యాలమ్మపాలెం తీరంలో పీతలు పట్టేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. పీత రెండు డెక్కలతో పట్టిందంటే వదలదు. అలాంటి పట్టునే చీలేట్ అంటారు. ఆ మాట గ్రీకులో పీత డెక్క అన్న మాట నుంచి వచ్చిందే. మామూలు జింక్ సల్ఫేట్‌ను భాస్వరం ఎరువుతో కలిపితే జింక్ గడ్డకట్టి మొక్కకు అందకుండా పోతుంది. ఇడిటిఎ డెక్కల మధ్య ఉన్న జింక్ అంత సులభంగా చిక్కదు. మీరు కొనే చీలేటెడ్ జింక్ ధర ఆ డెక్కలదే.

మాంకోజెబ్ కూడా ఇలాంటిదే. అందులో మాంగనీస్ దాదాపు 20 శాతం, జింక్ రెండున్నర శాతం ఉంటాయి. గంధకం ఉన్న సేంద్రియ అణువులు ఆ లోహాలను గొలుసులా పట్టి ఉంచుతాయి. 1960ల మొదట్లో వాడుకలోకి వచ్చిన మందు ఇప్పటికీ పనిచేస్తోందంటే కారణం ఉంది. కార్బెండజిమ్ లాంటి మందు శిలీంద్రంలో ఒక్కచోట దెబ్బకొడుతుంది. ఆ ఒక్కచోట మార్పు వస్తే శిలీంద్రం తప్పించుకుంటుంది. రాగి, మాంకోజెబ్ ఒకేసారి చాలాచోట్ల దెబ్బకొడతాయి. అన్నిచోట్లా ఒకేసారి మారడం శిలీంద్రానికి కష్టం. అందుకే శాస్త్రవేత్తలు మళ్లీ లోహాల వైపు చూస్తున్నారు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ప్రపంచంలోని ఏ రసాయన శాస్త్రవేత్త పంపినా ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఒకటి నడిచింది. 2020లో వాళ్లు ప్రకటించిన లెక్క ప్రకారం 900కు పైగా లోహ సమ్మేళనాల్లో నూటికి దాదాపు 10 బాక్టీరియా మీదో, శిలీంద్రాల మీదో పనిచేశాయి. లోహం లేని లక్షల సమ్మేళనాల్లో నూటికి ఒక్కటి కూడా పనిచేయలేదు. కాబట్టి ఆశ ఉత్తది కాదు.

గాజు పళ్లెంలో ఏం చేస్తారు?

200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించి, ఆ రసంలో 20 గ్రాముల డెక్స్‌ట్రోస్, 20 గ్రాముల అగార్ కలిపి లీటరు చేస్తారు. చల్లారితే జున్నులా గట్టిపడుతుంది. బూజుకు అదే అన్నం. గట్టిపడకముందే పరీక్షించే మందును అందులో కలుపుతారు. పళ్లెం మధ్యలో చిన్న బూజు ముక్క పెడతారు. మందు లేని పళ్లెం కూడా పక్కన ఉంటుంది. వారం రోజుల తర్వాత రెండింటిలోనూ బూజు ఎంత వెడల్పు పాకిందో కొలుస్తారు.

మందు లేని పళ్లెంలో 80 మిల్లీమీటర్లు, మందు ఉన్న పళ్లెంలో 20 మిల్లీమీటర్లు పాకిందనుకోండి. తగ్గినది 60. అసలు 80లో 60 అంటే 75 శాతం నిరోధం. పత్రికలో "75 శాతం అరికట్టింది" అని చదివితే దాని అర్థం ఇంతే. మందు లేని పళ్లెం లేకపోతే ఆ 75కు అర్థమే లేదు. 20 మిల్లీమీటర్లు అన్న అంకె ఒక్కటే చూపిస్తే అది మందు గొప్పతనమో, బూజు ముక్క బలహీనమైనదో ఎవరు చెప్పగలరు?

కొత్త లోహ సమ్మేళనానికి మరో నాలుగు పోలికలు కావాలి. మొదటిది, మందును కరిగించిన ద్రావణిని మాత్రమే కలిపిన పళ్లెం. ఆ ద్రావణే బూజును ఆపుతుందేమో. రెండోది, లోహం లేకుండా లైగాండ్ ఒక్కటే. మూడోది, లైగాండ్ లేకుండా అంతే లోహం ఉన్న ఉప్పు. అంటే రాగి సమ్మేళనమైతే అంతే రాగి ఉన్న మైలతుత్తం. నాలుగోది, ఇప్పటికే వాడుకలో ఉన్న మందు.

మూడో పోలిక మనకు చాలా ముఖ్యం. లైగాండ్ డెక్కలు లోహపు ఆవేశాన్ని కమ్మేయడం వల్ల అది శిలీంద్రపు కొవ్వు పొరను దాటి లోపలికి సులభంగా వెళుతుందని ట్వీడీ అనే శాస్త్రవేత్త ఒక వివరణ ఇచ్చారు. ఈ రంగంలో ఇప్పటికీ దాన్నే ఉదహరిస్తారు. కాని అది నిజంగా జరిగిందని చెప్పాలంటే మైలతుత్తం పళ్లెం పక్కన ఉండాలి. అది లేకపోతే పనిచేసింది ఖరీదైన కొత్త సమ్మేళనమా, అందులోని మామూలు రాగా అన్నది తేలదు. కొన్ని పరిశోధనా పత్రాల్లో ఆ పళ్లెం కనిపించదు.

ఇంకో రెండు సంగతులు. బూజు ఆగిందా, చచ్చిందా అన్నది వేరువేరు. ఆగిన ముక్కను తీసి మందు లేని పళ్లెంలో పెడితే మళ్లీ పెరిగిందంటే అది నిద్రపోయిందంతే. రెండోది, ఏ బూజు మీద పరీక్షించారు? చాలా పరీక్షలు మనుషులకు జబ్బుచేసే కాండిడా మీదో, ఆస్పర్జిల్లస్ మీదో జరుగుతాయి. వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా వేరు, అగ్గి తెగులు తెచ్చే శిలీంద్రం వేరు. ఒకదాని మీద వచ్చిన అంకెను మరోదానికి అంటగట్టకూడదు.

పళ్లెం నుంచి పొలానికి

మన చెరకు ఎర్రకుళ్ళునే తీసుకోండి. ఆ శిలీంద్రాన్ని గాజు పళ్లెంలో ఆపే మందులు ఎన్నో ఉన్నాయి. కాని పొలంలో అది గడ లోపల, గట్టి తొక్క వెనక, కణుపుల మధ్య కూర్చుంటుంది. పైన కొట్టిన మందు దాని దగ్గరకే పోదు. అందుకే 1913 నుంచి చెరకు మీద పనిచేస్తున్న మన అనకాపల్లి పరిశోధనా స్థానం తట్టుకునే రకాలు, ఆరోగ్యకరమైన ముచ్చెలు, పంట మార్పిడి అని చెబుతూ వచ్చింది. పళ్లెంలో గెలిచిన మందు ఇక్కడ ఓడిపోవడానికి మందు బలం తగ్గలేదు, దారి లేకపోయిందంతే.

పొలంలో ఎండ ఉంది, వాన ఉంది, ఆకు జిగురు ఉంది, బావి నీటి ఉప్పదనం ఉంది. పళ్లెంలో ఇవేవీ లేవు. కాబట్టి ప్రయోగశాల తర్వాత కుండీలో మొక్కల మీద, ఆ తర్వాత పరిశోధనా క్షేత్రంలో, ఆ తర్వాత వేరువేరు జిల్లాల్లో రెండు మూడు పంట కాలాలు చూడాలి.

తెగులు కానిదాన్ని తెగులు అనుకుంటే ఇంకో చిక్కు. 1966లో ఉత్తరాదిన పంత్‌నగర్‌లో వరి ఆకులు తుప్పు రంగు తిరిగే "ఖైరా"కు కారణం శిలీంద్రం కాదని, జింక్ లోపమని తేల్చినవారు తెగుళ్ల శాస్త్రవేత్త వై.ఎల్. నెనె. జింక్ లోపం ఉన్న పొలంలో జింక్ ఉన్న మందు కొడితే పచ్చబడవచ్చు. రైతు "తెగులు పోయింది" అంటాడు. ఆకలికి అన్నం పెట్టి జ్వరం తగ్గించామన్నట్టు. పక్కన ఒక వరసకు జింక్ సల్ఫేట్ మాత్రమే కొట్టి ఉంటే నిజం తెలిసేది.

రోడ్డు పక్క వరసలు

బోర్డో మిశ్రమం కథ చాలామందికి తెలుసు. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర మెడాక్ ప్రాంతంలో దారిన పోయేవాళ్లు ద్రాక్ష కోసుకోకుండా రోడ్డు పక్క వరసలకు మైలతుత్తం, సున్నం పూసేవారు. 1882లో మిల్లార్డే అనే ఆచార్యుడు ఆ వరసల్లో ఆకులు నిలిచి ఉండడం, లోపలి వరసల్లో బూజు తెగులుకు ఆకులు రాలిపోవడం గమనించారు. మూడేళ్లు ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించారు. ఆయన కంట పడింది పూసిన వరస ఒక్కటే కాదు, పక్కనే పూయని వరస కూడా. అది ఉండబట్టే పోలిక కుదిరింది, ప్రపంచానికి మందు దొరికింది.

ఇప్పుడు మన రోడ్ల పక్కన కంపెనీలు పెట్టే డెమో ప్లాట్లు చూడండి. బోర్డు ఉంటుంది, పచ్చటి పంట ఉంటుంది, ఫొటో ఉంటుంది. మందు కొట్టని వరస మాత్రం ఉండదు. చాలాసార్లు ఆ ప్లాటుకు ఎరువూ ఎక్కువే, నీరూ ఎక్కువే. ఆ పచ్చదనంలో మందు వాటా ఎంత? చెప్పేవాళ్లు లేరు. తెగులు రాని ఏడాది ఏ మందైనా పనిచేసినట్టే కనిపిస్తుంది.

పాదరసం, రాగి నేర్పిన పాఠం

శిలీంద్రాన్ని చంపడం ఒక్కటే కొలత అయితే పాదరసం మందులకు మించినవి లేవు. చెరకు ముచ్చెలు ముంచడానికి అగల్లాల్, అరెటాన్ వాడిన పెద్దలు ఇక్కడ ఉండే ఉంటారు. విత్తనానికి పాదరసం పట్టించిన గోధుమలు 1971-72లో ఇరాక్‌కు వెళ్లాయి. బస్తాల మీద హెచ్చరికలు ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉన్నాయి. పల్లె జనం ఆ గోధుమలతో రొట్టెలు చేసుకుని తిన్నారు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 6,530 మంది ఆసుపత్రుల్లో చేరారు, 459 మంది చనిపోయారు. మన దేశంలో చివరగా మిగిలిన మిథాక్సీ ఇథైల్ మెర్క్యురీ క్లోరైడ్‌ను కేంద్రం 2018లో నిషేధించింది. అర్థం కాని భాషలో రాసిన లేబుల్ లేబులే కాదని ఆ రొట్టెలు చెబుతున్నాయి.

మాంకోజెబ్ విరిగిపోయినప్పుడు వచ్చే ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం థైరాయిడ్ గ్రంథికి హాని చేస్తుంది. ఐరోపా సమాఖ్య 2020 డిసెంబరులో మాంకోజెబ్ అనుమతిని కొనసాగించకూడదని నిర్ణయించింది. మన కేంద్ర ప్రభుత్వం 2020 మేలో 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చింది. అందులో మాంకోజెబ్, జైనెబ్, జైరామ్ ఉన్నాయి. తర్వాత 2023లో వచ్చిన ఉత్తర్వుతో మాంకోజెబ్‌కు పూర్తి నిషేధం పడలేదు. ఈ రాకపోకలన్నీ ఢిల్లీలో జరిగాయి. ముఖానికి గుడ్డ కట్టుకుని పిచికారీ చేసే కూలీని ఎవరూ అడగలేదు.

రాగి సంగతి వేరు. అది విరిగిపోదు, ఆవిరైపోదు. కొట్టిందంతా చివరికి మట్టిలోకే చేరుతుంది. లెక్క వేద్దాం. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, ఎకరాకు 200 లీటర్లు అంటే 600 గ్రాముల మందు. అందులో సగం రాగి, అంటే 300 గ్రాములు. కూరగాయల మీద ఏడాదికి ఐదుసార్లు కొడితే ఎకరాకు కిలోన్నర రాగి. హెక్టారుకు దాదాపు 3.7 కిలోలు. ఐరోపాలో ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోలు, అంటే సగటున ఏడాదికి 4 కిలోలు మించకూడదని పరిమితి పెట్టారు. మనం ఐదు పిచికారీలతోనే ఆ గీత దగ్గరకు చేరాం. మట్టిలో రాగి పేరుకుంటే ముందు దెబ్బతినేవి వానపాములు, మేలుచేసే సూక్ష్మజీవులు. మీ భూసార కార్డులో రాగి, జింక్ అంకెలు ఉంటాయి. ఎన్‌పికె చూసి కార్డు మడిచిపెట్టకుండా ఆ అంకెలు కూడా చూడండి. రాగి వద్దని నేను అనడం లేదు. కొబ్బరి మొవ్వు కుళ్ళుకు, టమాటా ఆకుమచ్చకు అది ఇంకా అక్కరకొచ్చే మందే. తక్కువ రాగితో అదే పని చేయగల కొత్త సమ్మేళనం వస్తే మనకు లాభమే. అందుకే ఈ పరిశోధన సరిగ్గా జరగాలని కోరుకుంటున్నాం.

మన పొలంలో మనం చేయగల పరీక్ష

కొత్త మందు కొన్నప్పుడు పొలమంతా ఒకేసారి కొట్టకండి. పొలంలో మూడుచోట్ల గుర్తులు పెట్టండి: పల్లంలో ఒకటి, మెరకలో ఒకటి, నడుమ ఒకటి. ప్రతిచోటా మూడు చిన్న మళ్లు. ఒకదానికి ఉత్త నీళ్లు, రెండోదానికి మీరు ఎప్పుడూ కొట్టే మందు, మూడోదానికి కొత్త మందు. అదే రోజు, అదే స్ప్రేయరు, అదే మనిషి. పది రోజుల తర్వాత ప్రతి మడిలో 20 దుబ్బులు లెక్కపెట్టి ఎన్నింటికి తెగులు ఉందో నోటుబుక్కులో రాయండి.

నీళ్లు కొట్టినచోట 20లో 10, పాత మందుకు 4, కొత్త మందుకు 4 వచ్చాయనుకోండి. కొత్త మందు పనిచేస్తుందన్నది నిజమే. కాని పాతదానికి మూడు రెట్లు ధర పెడితే ఆ మిగతా రెండొంతులు దేనికిచ్చాం? నీళ్లు కొట్టినచోట కూడా తెగులు లేదంటే ఆ ఏడాది మందే అక్కర్లేదు. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు మూడు చిన్న మళ్ల పంట, ఒక పూట శ్రమ. ఊళ్లో పదిమంది కలిసి చేస్తే పది పొలాల లెక్క ఒకచోట చేరుతుంది. దాన్ని ఏ కంపెనీ ప్రతినిధీ తోసిపుచ్చలేడు.

ఇక దుకాణం దగ్గర. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం తెగులును అరికడుతుందని చెప్పి అమ్మే ఏ మందుకైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎరువు, బయో స్టిమ్యులెంట్, టానిక్కు అని పేరుపెట్టి "బూజు కూడా పోతుంది" అని నోటిమాటగా అమ్మితే అది మోసం. డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, మీ పంట పేరు ఉన్నాయా చూడండి. తెలుగులో కరపత్రం అడగండి. బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. కౌలు రైతులు తమ పేరు మీదే బిల్లు రాయించుకోవాలి. 2012లో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, రైతు కూడా వినియోగదారుడేనని, నష్టపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని తీర్పిచ్చింది. అది విత్తనాల కేసే అయినా కొన్న సరుకు విషయంలో రైతు హక్కును గట్టిపరిచింది. అక్కడికి వెళ్లినప్పుడు చేతిలో బిల్లు, పొలంలో మందు కొట్టని మడి, నోటుబుక్కులో లెక్క ఉంటే మన మాటకు బలం ఉంటుంది.

సంఘంగా మనం అడగవలసింది

ఒకటి, ప్రజల డబ్బుతో విశ్వవిద్యాలయాల్లో తయారైన సమ్మేళనాల్లో పనికొచ్చేవాటిని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం క్షేత్రాల్లో పరీక్షించాలి. రసాయన శాస్త్రం చదివినవారు, తెగుళ్ల శాస్త్రం చదివినవారు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. గెలిచినవాటి ఫలితాలతో పాటు ఓడినవాటివి కూడా తెలుగులో ప్రకటించాలి.

రెండు, ఏ కంపెనీ డెమో ప్లాటు పెట్టినా మందు కొట్టని మడి, వాడుకలో ఉన్న చవక మందు మడి పక్కనే ఉండాలి. వ్యవసాయ శాఖ దీన్ని షరతుగా పెట్టాలి.

మూడు, రైతు ఫిర్యాదుపై తీసిన మందు నమూనా ఫలితం పంట కాలం ముగిసేలోపు రైతు చేతికి రావాలి. పంట పోయాక వచ్చిన రిపోర్టు ఎవరికి ఉపయోగం?

నాలుగు, పిచికారీ చేసే కూలీలకు చేతి తొడుగులు, మాస్కులు మందుతో పాటే కంపెనీ ఇవ్వాలి.

రేపు ఎవరైనా కొత్త లోహం, కొత్త టెక్నాలజీ, 90 శాతం ఫలితం అంటూ ఊళ్లోకి వస్తే కాదనకండి, కూర్చోబెట్టి అడగండి: దేనితో పోల్చారు? ఏ తెగులు మీద? ఎన్ని చోట్ల, ఎన్ని పంటలకు? మట్టిలో ఏం మిగులుతుంది? జవాబు ఉన్నవాడు చెబుతాడు. లేనివాడు మరో ఊరు చూసుకుంటాడు. ఆ ఊళ్లో కూడా ఇదే ప్రశ్న అడిగేలా చూడడం మన సంఘం పని.